కింద మోజెల్‌కెర్న్, పైన వీర్షెమ్: ఎల్ట్స్ కోటకి ఏ దారిన వెళ్లాలి, దాంతో పాటు ఏది చూడాలి

ప్రతి ఏడాది మే నెల వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అమ్మావాళ్లు జూన్‌లో వస్తున్నారు. అడవి మధ్యలో కోట ఉంటుంది చూడు, అందరూ ఫోటోలు పెడుతుంటారు, అక్కడికి ఎలా వెళ్లాలి? కొఖెమ్‌లో కూడా ఒక కోట ఉందటగా, రెండిట్లో ఏది బెటరు?" కోబ్లెన్స్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో పడ్డవాణ్ని కాబట్టి, మోజెల్ నది వైపు వచ్చే చుట్టాలకీ స్నేహితులకీ దారి చెప్పే పని నా నెత్తిన పడింది. ఎల్ట్స్ కోటకి నడిచి వెళ్లాను, కారులో వెళ్లాను, శనివారం బస్సులో వెళ్లాను. ఒకసారి దిగాల్సిన ఊళ్లో రైలు ఆగక ముందుకి పోయి, మళ్లీ వెనక్కి కూడా వచ్చాను.

ముందు తేల్చి చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కారు లేదు, అందరూ గంటన్నర నడవగలరు అంటే మోజెల్‌కెర్న్ అనే చిన్న ఊళ్లో దిగండి. కారు ఉంది, వెంట పెద్దవాళ్లున్నారు అంటే వీర్షెమ్ వైపు నుంచి వెళ్లండి. కొఖెమ్‌ని సాయంత్రానికి ఉంచుకోండి. ఒకే రోజు రెండు కోటల లోపలికీ వెళ్లి గైడ్ చెప్పేదంతా వినాలన్న ఆశ మాత్రం మానుకోండి. రెండో కోటకొచ్చేసరికి ఇంట్లోవాళ్లు గైడ్ మాట వినరు, కూర్చోడానికి కుర్చీ ఎక్కడుందో వెతుకుతారు.

ఊరు ఒకటి కాదు, రెండు

ఇదంతా జర్మనీ పడమటి వైపు, రైన్‌లాండ్-ఫాల్స్ రాష్ట్రంలో. కోబ్లెన్స్ దగ్గర మోజెల్ వచ్చి రైన్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి మోజెల్ పక్కనే ఎగువకి అరగంట పైచిలుకు రైల్లో వెళితే మోజెల్‌కెర్న్ వస్తుంది. ఆరువందల చిల్లర జనం ఉండే ఊరు. ఒక చర్చి, నల్లటి పలకరాయి కప్పుల ఇళ్లు, వాటి వెనకే నిటారుగా లేచిన ద్రాక్షతోటలు. చర్చి దగ్గర ఒక పాత రాతి శిలువ కనిపిస్తుంది. అది 7వ శతాబ్దపు మెరోవింజియన్ (అప్పటి ఫ్రాంక్ రాజవంశం) కాలం నాటి శిలువకి నకలు. అసలుది బాన్ మ్యూజియంలో ఉంది. కోటకి పరిగెత్తే వాళ్లెవరూ దాని దగ్గర ఆగరు. రెండు నిమిషాలు ఆగండి, పోయేదేం లేదు.

ఐఫెల్ కొండల్లో పుట్టిన ఎల్జ్‌బాఖ్ అనే వాగు ఈ ఊళ్లోకొచ్చి మోజెల్‌లో కలుస్తుంది. ఆ వాగు పట్టుకుని పైకి నడుచుకుంటూ పోతే ఎల్ట్స్ కోట. అయితే ప్రభుత్వ లెక్కల్లో కోట మోజెల్‌కెర్న్‌ది కాదు, కొండ మీద పొలాల మధ్య ఉన్న వీర్షెమ్‌ది. అది ఇంకా చిన్న ఊరు. మ్యాప్‌లో రెండు పేర్లూ కనబడి జనం తికమకపడేది ఇక్కడే. ఒకటి కింద, రైలున్న వైపు. ఇంకోటి పైన, రోడ్డున్న వైపు. వీర్షెమ్‌కి రైలు లేదు. మోజెల్‌కెర్న్ నుంచి కోట గుమ్మం దాకా కారు పోదు.

కింద నుంచి వెళ్లడమా, పై నుంచి దిగడమా

మోజెల్‌కెర్న్ దారి ముందు. ఈ మార్గంలో రెండు రకాల రైళ్లు తిరుగుతాయి. ఆర్‌బీ 81 అన్ని చిన్న స్టేషన్లలో ఆగుతుంది. ఆర్‌ఈ బండ్లు పెద్ద ఊళ్లలోనే ఆగి త్వరగా పోతాయి, మోజెల్‌కెర్న్‌లో ఆగవు. మా నాన్నని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ప్లాట్‌ఫారమ్ మీద ముందు ఏది కనిపిస్తే అది ఎక్కేశాను. కిటికీలోంచి మోజెల్‌కెర్న్ బోర్డు సర్రున వెనక్కి పోవడం చూసి నాన్న, "అదేనటరా మన ఊరు?" అన్నారు. త్రైస్-కార్డెన్‌లో దిగి, వెనక్కొచ్చే ఆర్‌బీ కోసం బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా అక్కడే ఖాళీ చేశాం. కోట దగ్గర తినాల్సిన పులిహోర అది.

స్టేషన్ నుంచి కోటకి దాదాపు ఐదు కిలోమీటర్లు. మొదటి సగం ఊళ్లోంచి, వాగు పక్కన తారురోడ్డు మీద. ఎండాకాలం మధ్యాహ్నం ఈ ముక్కే విసుగనిపిస్తుంది. తర్వాత రింగెల్‌ష్టైనర్ మ్యూలె అనే పాత పిండిమర వస్తుంది, ఇప్పుడది హోటలు. అక్కడితో రోడ్డు అయిపోయి అడవి బాట మొదలవుతుంది. నీళ్ల చప్పుడు పక్కనే ఉంటుంది, నీడ ఉంటుంది, చెట్ల వేర్లు బాటకి అడ్డంగా పాకి ఉంటాయి. వానపడితే ఆ వేర్లే జారుడుబల్లలు. చీరకట్టుకీ చెప్పులకీ ఇది దారి కాదు. మా అమ్మ ఇక్కడే ఒక పెద్ద బండ మీద కూర్చుని, బూట్లు విప్పేసి పాదాలు వాగులో పెట్టి, "ఇంక మీరు పోయి చూసి రండి, నాకిది చాలు" అంది. ఇరవై నిమిషాలు బతిమాలితే గానీ లేవలేదు. అబద్ధం ఎందుకు, నాకూ ఆ వాగు ఒడ్డే ఎక్కువ ఇష్టం.

ఈ దారిలో వెళితే కోట చివరి మలుపు దాకా కనబడదు. అక్కడ తలెత్తితే ఒక్కసారిగా నెత్తి మీదుంటుంది. 70 మీటర్ల ఎత్తు బండ, దాని మీద ఒకదానికొకటి అతుక్కున్న బురుజులు, మూడు వైపులా చుట్టి పారే వాగు. చివర్లో మెట్లు, నిటారుగా ఎక్కాలి. మొత్తం ఒకవైపుకి గంటా పావు నుంచి గంటన్నర వేసుకోండి, పిల్లలుంటే రెండు గంటలు. తిరిగి రావాలని మర్చిపోకండి. వెళ్లేటప్పుడు ఉన్న హుషారు వచ్చేటప్పుడు ఉండదు.

వీర్షెమ్ దారి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కారు పార్కింగ్ కోటకన్నా ఎత్తులో ఉంది. అక్కణ్నుంచి కిందికి దిగాలి. కోటంటే కొండెక్కి చూసేదని మన మనసులో ఉంటుంది కదా, గోల్కొండైనా కొండవీడైనా అంతే. ఇక్కడ కోట లోయలో ఉంటుంది, మనం పైనుంచి చూస్తాం. అందరి ఫోన్లలో తిరిగే ఆ ఫోటో, వంతెన ముందుకి సాగి వచ్చి చివర్లో కోట నిలబడి ఉన్నది, ఈ వైపు నుంచి తీసిందే. పార్కింగ్ నుంచి తారుబాటలో 800 మీటర్లు, అడవి బాటలో 1.3 కిలోమీటర్లు. దిగడం బాగానే ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, తారుబాట అయినా చాలా ఏటవాలు. అందుకే పార్కింగ్‌కీ కోటకీ మధ్య చిన్న షటిల్ బస్సు తిప్పుతారు. దానికి విడిగా డబ్బులివ్వాలి, మనిషికి ఒకటి రెండు యూరోల చిల్లర జేబులో ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి నా సలహా: దిగేటప్పుడు నడవండి, ఎక్కేటప్పుడు బస్సెక్కండి. ఫోటో దక్కుతుంది, మోకాళ్లూ మిగులుతాయి.

కారు ఉన్నా అడవి నడక కావాలనుకునే వాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. రింగెల్‌ష్టైనర్ మ్యూలె దగ్గర నడిచేవాళ్ల కోసం పార్కింగ్ ఉంటుంది. అక్కడ కారు పెడితే విసుగు పుట్టించే రోడ్డు తప్పుతుంది, మంచి ముక్కంతా మిగులుతుంది. ముప్పావుగంట నడక. మా ఇంట్లో ఓటింగ్ పెడితే గెలిచేది ఇదే.

కార్డెన్ (అదే, పులిహోర తిన్న త్రైస్-కార్డెన్ స్టేషన్) నుంచి కొండ దాటి వచ్చే బాట కూడా ఉంది, రెండు గంటల పని. కాళ్లలో బలమున్న స్టూడెంట్లకి మోజెల్‌కెర్న్ వైపు ఎక్కి కార్డెన్ వైపు దిగడం బాగుంటుంది, వచ్చిన దారే మళ్లీ చూడక్కర్లేదు. నడక మీదే ధ్యాస ఉన్నవాళ్లు వీర్షెమ్‌లో మొదలై వీర్షెమ్‌లోనే ముగిసే ఎల్ట్సర్ బుర్గ్‌పనోరమ చుట్టుబాట వెతుక్కోండి, 12.6 కిలోమీటర్లు. 2013లో జర్మనీలో అందమైన నడకదారి అని దీనికి ఓట్లు పడ్డాయి. నాకైతే అందులో పొలాల మధ్య నడిచే భాగం కాస్త ఎక్కువనిపించింది.

బస్సు సంగతి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వారాంతాల్లో నది ఒడ్డు ఊళ్ల నుంచి కోటకి బస్సు ఉంటుంది. రోజుకి కొద్ది ట్రిప్పులే, టైమ్‌టేబుల్ మారుతూ ఉంటుంది. ముందురోజు రాత్రి యాప్‌లో చూసుకోండి. కోట దగ్గర చూద్దాంలే అనుకోకండి, లోయలో సిగ్నల్ సరిగా దొరకదు.

ఎల్ట్సా, కొఖెమా

ఇక అసలు ప్రశ్న. రెండు కోటలూ మోజెల్ దగ్గరే, రెండూ ఫోటోకి బాగుంటాయి, రెండిట్లోనూ గైడ్‌తో తిప్పుతారు. ఉండటానికి మాత్రం రెండూ వేరే జాతులు.

ఎల్ట్స్ పేరు మొదటగా 1157 నాటి పత్రంలో కనిపిస్తుంది. చక్రవర్తి బార్బరోసా ఇచ్చిన దానపత్రంలో రుడాల్ఫ్ ఫాన్ ఎల్ట్స్ అనే ఆయన సాక్షి. అప్పటి నుంచి ఇప్పటిదాకా కోట ఆ వంశం చేతిలోనే ఉంది, ఎనిమిదిన్నర శతాబ్దాలు. మధ్యలో అన్నదమ్ములు వేరుపడ్డారు. కానీ కోట అమ్ముకోలేదు, కూల్చుకోలేదు. ఒకే పెరట్లో తలో ఇల్లు కట్టుకున్నట్టు, ఒకే ముంగిలి చుట్టూ తలో బురుజు లేపుకున్నారు. కెంపెనిక్, ర్యూబెనాఖ్, రోడెన్‌డోర్ఫ్ అని మూడు వాటాలు. పొయ్యిలు వేరు, మెట్లు వేరు, కట్టిన కాలాలు వేరు. జాగా తక్కువ కాబట్టి పైకి పోయారు. కోట అలా పిల్లలు బ్లాకులు పేర్చినట్టు ఎగుడుదిగుడుగా కనిపించేది అందుకే. మూడు వాటాలూ మళ్లీ ఒక శాఖ చేతికి వచ్చింది 1815లో.

ఆ ఉమ్మడి సంసారం ఎలా నడిచిందో చూపించే గది ఒకటుంది లోపల, నైట్స్ హాల్ అంటారు. మూడు ఇళ్లవాళ్లూ కూర్చుని మాట్లాడుకునే చోటు. గోడల మీద విదూషకుల తలలు చెక్కి ఉంటాయి. ఇక్కడ ఎవరైనా ఏమైనా మొహమాటం లేకుండా అనొచ్చని దాని అర్థం. గుమ్మం పైన ఒక గులాబీ ఉంటుంది. ఇక్కడ అన్న మాట ఈ గుమ్మం దాటకూడదని దాని అర్థం. గైడ్ ఇది చెప్పగానే మా పిన్ని బాబాయి వైపు తిరిగి, "ఇలాంటి పువ్వు ఒకటి మనింట్లో కూడా పెట్టించాల్సింది, ఆస్తి పంపకాలప్పుడు" అంది. గైడ్‌కి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఈ కోట మీదికి యుద్ధం రాలేదని కాదు. 1331 నుంచి 1336 దాకా ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ దీని మీద పగబట్టాడు. ఎదురు కొండ మీద ట్రుట్స్ ఎల్ట్స్ అని ఇంకో చిన్న కోట కట్టి, అక్కణ్నుంచి రాళ్లు విసిరించాడు. ఎల్ట్స్ వాళ్లు చివరికి లొంగారు గానీ కోట నిలిచింది. విచిత్రం ఏంటంటే, దాని మీద దాడికి కట్టిన కోటే ఇప్పుడు శిథిలం. పార్కింగ్ వైపు బాటలోంచి చెట్ల సందున కనిపిస్తుంది. 1688లో మొదలైన యుద్ధంలో ఫ్రెంచి సైన్యం ఈ చుట్టుపక్కల కోటలన్నీ వరసగా కాల్చుకుంటూ పోయింది. అప్పుడు ఈ వంశంవాడే ఒకాయన ఫ్రెంచి సైన్యంలో పెద్ద ఆఫీసరుగా ఉండటంతో ఎల్ట్స్ బతికిపోయింది. రికమండేషన్ ఉండాలంటారే, అలాగ.

కొఖెమ్ కోటకి ఆ రికమండేషన్ దొరకలేదు. దాని పేరు రైఖ్స్‌బుర్గ్. 1689లో ఫ్రెంచివాళ్లు దాన్ని పేల్చేశారు. దాదాపు 180 ఏళ్లు మొండిగోడలుగా పడి ఉంది. 1868లో బెర్లిన్‌కి చెందిన లూయీ రవెనే అనే వ్యాపారి కొని, 1877కల్లా ఇప్పుడు మనం చూసే రూపంలో కట్టించాడు. వేసవి విడిది కోసం. కాబట్టి ఆ సూది శిఖరాలూ లోపలి చెక్కపనీ చాలావరకు 19వ శతాబ్దపు డబ్బున్నాయన మధ్యయుగం గురించి కన్న కల. 1978 నుంచి కోట కొఖెమ్ పట్టణానిది.

మరైతే కొఖెమ్ దండగా? ఆ మాట అనను. ఊరి మీద కోట కూర్చున్న తీరు, కింద నది, నది మీద పడవలు, సాయంత్రం దీపాలు వెలిగాక వంతెన మీద నిలబడి చూస్తే అందులో అసలెంత నకలెంత అని ఎవరికీ గుర్తు రాదు. తేడా ఏంటంటే, కొఖెమ్ కోట బయటి నుంచి చూడాల్సింది, ఎల్ట్స్ కోట లోపలికి వెళ్లాల్సింది. టికెట్ డబ్బులు ఒక్క దాని మీదే పెడతానంటే ఎల్ట్స్ మీద పెట్టండి. గైడ్ టూర్ నలభై నిమిషాలు, కింద ఖజానా గది చూడ్డం కూడా అదే టికెట్‌లో. లోపల ఫోటోలు తీయనివ్వరు, ఇరుకు మెట్లుంటాయి, పిల్లల బండి కుదరదు. ఏప్రిల్ మొదట్నుంచి నవంబర్ 1 దాకే తెరుస్తారు. చలికాలంలో వచ్చే చుట్టాలకి ప్రశ్నే లేదు: ఎల్ట్స్ మూసేస్తారు, కొఖెమే దిక్కు.

కొఖెమ్‌లో నేను అందరికీ చెప్పేది, ఎవరూ వెళ్లనిది ఇంకోటుంది. దానికి ముందు ఒక చిన్న సంగతి. పాత 500 మార్కుల నోటు (యూరోకి ముందు జర్మనీ డబ్బు మార్కు) వెనక ఎల్ట్స్ కోట బొమ్మ ఉండేది. ఆ కోట కింది మోజెల్‌కెర్న్ నుంచి రైల్లో పావుగంట దూరాన, కొఖెమ్ ఊళ్లో నదికి ఆవలి ఒడ్డున, మామూలు ఇళ్ల కింద ఒక బంకర్ ఉంది. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో శత్రువులు దొంగ మార్కులు గుట్టలుగా దించి ఆర్థిక వ్యవస్థని కూలదోస్తారేమోనని పశ్చిమ జర్మనీ కేంద్ర బ్యాంకు భయం. అందుకని వేరే డిజైన్‌తో ఒక పూర్తి సెట్టు నోట్లు ముందే అచ్చేసి ఇక్కడ దాచారు, దాదాపు 1,500 కోట్ల మార్కులు. 1964 నుంచి 1988 దాకా అవి అక్కడే ఉన్నాయి. పైన కాపురముండే ఇరుగుపొరుగులకి కింద ఏముందో తెలియదు. ఒక్క నోటూ వాడకుండానే చివరికి నాశనం చేసేశారు. 2016లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. అదే ఏడాది నవంబర్‌లో మనం ఏటీఎం లైన్లలో నిలబడ్డాం. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా నాన్న కోటలో ఆవులించారు గానీ బంకర్లో గైడ్‌ని వదల్లేదు. నోట్ల కట్టలు ఎలా లెక్కపెట్టేవారు, తాళాలు ఎంతమంది దగ్గర ఉండేవి, అన్నీ ఆరా. లోపల చలి, జూన్‌లో కూడా స్వెటర్ ఉండాలి.

మిగతావాటిలో ఏది, ఎవరికి

బైల్‌ష్టైన్. నూట యాభై మంది కూడా లేని ఊరు, కొండ మీద శిథిలమైన మెట్టర్నిక్ కోట, మెట్లెక్కితే కార్మెలైట్ సన్యాసుల చర్చి. రైలు లేదు. కొఖెమ్ నుంచి బస్సులో వెళ్లొచ్చు, కానీ పడవలో వెళ్లండి. దారిలో పడవ లాక్‌లోకి దూరుతుంది: వెనక గేటు మూసుకుంటుంది, నీళ్లు నింపుతారు, పడవ నిలబడ్డచోటే మెల్లగా పైకి లేస్తుంది. మా అక్క కొడుకు కోటలన్నీ మర్చిపోయాడు, ఇది మాత్రం వాడికి గుర్తుంది. ఊరు గంటలో అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి, మన తిరునాళ్లలా ఉంటుంది.

గయ్యర్‌లై వేలాడే వంతెన, మోర్స్‌డోర్ఫ్ దగ్గర. 2015లో కట్టారు, 360 మీటర్ల పొడవు, లోయ మీద 100 మీటర్ల ఎత్తు. టికెట్ లేదు, పార్కింగ్‌కి కట్టాలి. పార్కింగ్ నుంచి వంతెనకే దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి. కారు ఉంటే సరదా. కారు లేకపోతే రోజంతా బస్సుల కోసం టెన్షన్ పడి పది నిమిషాలు ఊగి రావడమే. ఎల్ట్స్ బదులుగా దీన్ని ఎంచుకోకండి, ఎల్ట్స్ చూసినవాళ్లు ఇంకోసారి వచ్చినప్పుడు పెట్టుకోండి.

బ్రెమ్ దగ్గరి కాల్‌మోంట్ కొండ, యూరప్‌లో అత్యంత ఏటవాలు ద్రాక్షతోటల్లో ఒకటిగా పేరు. ఇనప తాళ్లు, నిచ్చెనలు పట్టుకుని తోటల మధ్య నడిచే బాట ఉంది, ఎడిగర్-ఎల్లర్ స్టేషన్ నుంచి మొదలవుతుంది. కొఖెమ్ దాటగానే రైలు నాలుగు కిలోమీటర్ల పైన పొడవున్న సొరంగంలో దూరి అక్కడ తేలుతుంది, 1879 నాటి సొరంగం. కళ్లు తిరిగేవాళ్లని తీసుకెళ్లకండి.

మరియా లాఖ్ మఠం, 1093లో పునాది పడ్డది. పక్కన ఉన్న సరస్సు దాదాపు పదమూడు వేల ఏళ్ల కిందట పేలిన అగ్నిపర్వతం గొయ్యి. తూర్పు ఒడ్డున నీళ్లలోంచి ఇప్పటికీ బుడగలు లేస్తుంటాయి, కింద నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. చదునైన బాట, బెంచీలు, ప్రశాంతం. నడవలేని పెద్దవాళ్లుంటే కొఖెమ్ జనంలో నలిగేకన్నా ఇదే నయం, కారుంటే.

మోన్‌రెయాల్ గురించి ఒక్క మాట. కోట కింద పారే ఆ ఎల్జ్‌బాఖ్ వాగే ఎగువన ఈ ఊరి మధ్యలోంచి పారుతుంది. చెక్కదూలాల ఇళ్లు, చిన్న రాతి వంతెనలు, కొండ మీద రెండు పాడుబడ్డ కోటలు. ఆండెర్నాఖ్ నుంచి మాయెన్ మీదుగా వచ్చే చిన్న రైలు ఇక్కడ ఆగుతుంది. మోజెల్‌కెర్న్ నుంచి నేరుగా రైలు లేదు కాబట్టి రెంటినీ ఒకే రోజులో కలపకండి. విడిగా ఒక ఆదివారం పెట్టుకోండి.

రాత్రి ఉండేటట్టయితే

కోబ్లెన్స్‌లో ఉండటం తేలిక: రైళ్లెక్కువ, ఇండియన్ రెస్టారెంట్ దొరుకుతుంది, సాయంత్రం సంగమం దగ్గర తిరగొచ్చు. కొఖెమ్‌లో గదుల రేటు వేసవిలో మండుతుంది, ద్రాక్షకోతలప్పుడు ఇంకా. మోజెల్‌కెర్న్, కార్డెన్ లాంటి ఊళ్లలో ద్రాక్షరైతులే ఇంట్లో ఒకటి రెండు గదులు అద్దెకిస్తారు. కిచెన్ ఉన్న వాటా దొరికితే వదలకండి. పొద్దున ఏడింటికి తోటల మీద మంచు తొలగకముందే వాగు దారిన బయల్దేరితే కోట తెరిచే వేళకి అక్కడుంటారు. తొమ్మిదిన్నరకి మొదటి టూర్లో పదిమంది ఉంటారు, పదకొండున్నరకి క్యూ బయటికొచ్చేస్తుంది. పల్లెలో గది తీసుకోడానికి ఈ ఒక్క కారణం చాలు నాకు. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం ఊళ్లో చేయడానికేం ఉండదు, పిల్లలు విసుక్కుంటారు.

తిండి, టికెట్టు

పల్లెల్లో ఆదివారం కొట్లుండవు, మోజెల్‌కెర్న్‌లో మామూలు రోజుల్లో కూడా నమ్ముకోవద్దు. పెరుగన్నమో చపాతీలో కట్టుకెళ్లండి. కోట దగ్గర ఫలహారశాల ఉంది, రద్దీగా ఉంటుంది. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్ చూసి పిజ్జాలా ఉందని ఆర్డరిచ్చేస్తారు, దాని మీద పందిమాంసం ముక్కలుంటాయి. "ఓనె ష్పెక్" (పందిమాంసం లేకుండా) అని గట్టిగా చెప్పండి. ఆలుగడ్డ తురుముతో వేసే రైబెకూఖెన్ ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. అమ్మ తన సంచీలోంచి మాగాయ తీసి దాంతో తింది, బ్రహ్మాండంగా ఉందంది. వైన్ ముట్టనివాళ్లకి ట్రౌబెన్‌జాఫ్ట్ అని అదే తోటల ద్రాక్షరసం దొరుకుతుంది. ఇంటికి తీసుకెళ్లడానికి ఎర్ర వైన్‌బెర్గ్‌ఫిర్జిష్ జామ్ కొనండి, ద్రాక్షతోటల మధ్య పెరిగే ఒకరకం పీచ్ పండు, లోపల కూడా ఎర్రగా ఉంటుంది.

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ (2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు) ఉంటే రైళ్లకీ మామూలు బస్సులకీ అది చాలు. అమ్మానాన్నలకి రైన్‌లాండ్-ఫాల్స్ డే టికెట్ తీసుకోండి, ఐదుగురిదాకా ఒకే టికెట్ మీద పోవచ్చు. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ గొడవ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లు మైన్స్ దాకా విడిగా కొనుక్కోవాలి. యాప్‌లో రైలు పక్కన ఎస్‌ఈవీ అని కనబడితే ఆ ముక్కలో పట్టాల పని జరుగుతోంది, బస్సులో తీసుకెళ్తారు, గంట అదనంగా వేసుకోండి.

ఈ ఏడాది మొదటి ఫోన్ మా బావది. ఇద్దరు పిల్లలు, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి ఆరు నెలలు, అద్దెకారు, ఒకటే రోజు. పొద్దున వీర్షెమ్ పార్కింగ్, అత్తగారు షటిల్ బస్సులోనే దిగి షటిల్ బస్సులోనే ఎక్కాలి, లోపలి టూర్‌కి ఆవిడ వద్దు, బయట వంతెన దగ్గర ఎవరో ఒకరు తోడు కూర్చోవాలి. మధ్యాహ్నం కొఖెమ్, కోట కింద నుంచే చూసి పడవెక్కి బైల్‌ష్టైన్. అలా చెప్పి పెట్టాను. రాత్రి ఫోన్ చేశాడు. పిల్లలకి లాక్ నచ్చిందట. అత్తగారు మాత్రం వంతెన దగ్గర కూర్చోకుండా, టూర్‌లోకి వచ్చి అన్ని మెట్లూ ఎక్కేశారట.